కొన్న ఫాలోవర్లు.. వాపే, బలుపు కాదు!

ఇన్‌స్టాలో పేజీ తెరిచి మూడు నెలలైంది. రీల్ మీద రీల్ పెడుతున్నా ఫాలోవర్లు ఎనిమిది వందలు దాటడం లేదు. అదే క్లాసులో ఇంకొకరికి రాత్రికి రాత్రి పదివేలు! ‘ఎలారా?’ అని అడిగితే చిన్నగా నవ్వి ఓ టెలిగ్రామ్ లింకు పంపిస్తాడు. హాస్టల్ గదుల్లో ఇప్పుడిది మామూలు ముచ్చటే. ‘కొంటే అకౌంట్ పోతుందా?’ అన్నదొక్కటే అందరి భయం. కానీ అకౌంట్ పోకపోయినా, ఎవరూ పట్టుకోకపోయినా నష్టం కొన్న రోజే మొదలవుతుంది. ఎలాగో లెక్కేసి చూద్దాం.

అసలు అమ్మేది ఏంటి?

ఈ దుకాణాలను ‘ఎస్‌ఎంఎం ప్యానెల్స్’ అంటారు. తెరిస్తే హోటల్ మెనూలా ఉంటుంది. ఫాలోవర్లు, లైకులు, వ్యూస్, కామెంట్లు.. ఒక్కోదానికి ఒక్కో రేటు. ‘ఇండియన్’, ‘హై క్వాలిటీ’, ‘తగ్గితే మళ్లీ నింపుతాం’ అంటూ మళ్లీ అందులో రకాలు. డబ్బు కొట్టిన కొద్ది గంటల్లోనే నంబర్ పెరుగుతుంది.

ఇది ఎంత తేలికో చూడ్డానికి నాటోకు అనుబంధంగా లాత్వియాలోని రీగాలో పనిచేసే స్ట్రాట్‌కామ్ కేంద్రం 2019లో ఓ ప్రయోగం చేసింది. 300 యూరోలు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 23 వేల రూపాయలు పెట్టి 3,530 కామెంట్లు, 25,750 లైకులు, 20 వేల వ్యూస్, 5,100 ఫాలోవర్లను కొనేసింది. నాలుగు వారాల తర్వాత చూస్తే ప్రతి ఐదింటిలో నాలుగు చెక్కుచెదరలేదు. కాబట్టి ‘కొంటే వెంటనే పట్టేస్తారు’ అన్నమాట నిజం కాదు. అమ్మేవాళ్ల ధైర్యం కూడా అదే.

మరి ఆ ఖాతాలు ఎవరివి? కొన్ని సాఫ్ట్‌వేర్ నడిపే బాట్లు. కొన్ని హ్యాకైన ఖాతాలు. ఇంకొన్ని బతికున్న మనుషుల పేరు, ఫొటో ఎత్తుకొచ్చి తయారుచేసినవి. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన ‘డెవూమీ’ వ్యవహారం ఇలాంటిదే. ఆ అమెరికా కంపెనీ 20 కోట్లకు పైగా ట్విటర్ ఫాలోవర్లను అమ్మింది. ఆ ఖాతాల్లో కనీసం 55 వేలు నిజమైన వ్యక్తుల పేర్లు, ఫొటోలు, వివరాలు వాడి సృష్టించినవే. బాధితుల్లో మైనర్లూ ఉన్నారు. మీరు కొన్న వెయ్యిమందిలో ఏ డిగ్రీ అమ్మాయి ఫొటో ఉందో, అది ఆమెకు తెలుసో లేదో.. మీకు తెలిసే దారి లేదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మీకు 800 మంది ఫాలోవర్లు ఉన్నారనుకుందాం. పోస్టుకు 80 లైకులు వస్తున్నాయి. అంటే 10 శాతం మంది స్పందిస్తున్నారు. చిన్న పేజీకి ఇది మంచి మార్కే. ఇప్పుడు పదివేల మందిని కొన్నారు. ఫాలోవర్లు 10,800. లైకులు మాత్రం అవే 80, ఎందుకంటే కొన్నవాళ్లెవరూ మీ వీడియో చూడరు. స్పందన 0.74 శాతానికి పడిపోయింది. కంటెంట్ మారలేదు, చూసేవాళ్లు మారలేదు. కాగితం మీద మాత్రం పేజీ చచ్చిపోయింది.

‘అయితే లైకులూ కొందాం’ అంటారు కొందరు. అక్కడి నుంచి ప్రతి పోస్టుకూ ఖర్చే. నెలనెలా కట్టే ఈఎంఐలా తయారవుతుంది.

యాప్ దేన్ని చూస్తుందన్నదీ ముఖ్యమే. వీడియోను ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా.. ర్యాంకింగ్‌లో ఈ మూడూ కీలకమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. బాట్ ఫాలో కొట్టగలదు కానీ, మీ బిర్యానీ వీడియో చూసి నోరూరి అక్కకు పంపదు కదా! పైగా 2024 డిసెంబరులో వచ్చిన ‘ట్రయల్ రీల్స్’ సదుపాయంతో రీల్‌ను ముందు మీ ఫాలోవర్లు కానివాళ్లకే చూపించవచ్చు. మంచి వీడియోకు ఫాలోవర్లతో పనిలేకుండానే దారి తెరుస్తున్న చోట, నంబర్ కొనుక్కుని ఏం లాభం?

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఏ వీడియో ఎందుకు ఆడింది, జనం ఎక్కడ ఆపేశారు అని ఇన్‌సైట్స్ చూసుకునే మనం నేర్చుకుంటాం. అందులో నకిలీ లెక్కలు కలిస్తే, త్రాసు పళ్లెం కింద రాయి కట్టి తూకం వేసినట్టే. ఆ తర్వాత వచ్చే ఏ నంబరునూ నమ్మలేం.

‘ఫ్రీ’ అంటే ఇంకా ప్రమాదం

డబ్బులు పెట్టలేనివాళ్ల కోసం ‘ఫ్రీ ఫాలోవర్స్’ యాప్‌లున్నాయి. ఇన్‌స్టా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో అందులో లాగిన్ కావాలి. మీ ఖాతా వేరేవాళ్లను ఫాలో అయితే కాయిన్లు వస్తాయి. ఆ కాయిన్లతో మీకు ఫాలోవర్లు. అంటే మీరే ఇంకొకరికి బాట్‌గా మారారన్నమాట! తాళంచెవి పరాయివాళ్ల చేతిలో పెట్టాక, ఆ ఖాతా నుంచి ఎవరికి ఏ మెసేజ్ వెళ్తుందో మీ చేతుల్లో ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పెంచుకుందామనుకున్న పేజీయే చేజారిపోవచ్చు. ఇలాంటి యాప్‌ల ద్వారా వచ్చే లైకులు, ఫాలోలు, కామెంట్లను తొలగిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2018 నవంబరులోనే ప్రకటించింది.

యూట్యూబ్‌లో ‘నువ్వు నాకు సబ్‌స్క్రైబ్ చెయ్, నేను నీకు చేస్తా’ అనే బేరం మరొకటి. స్నేహితుల మధ్య సరదాగా కనిపిస్తుంది కానీ, యూట్యూబ్ నియమాల్లో ఇది నిషేధం. అయినా దీంతో ఒరిగేదేంటి? యాడ్స్ ఆదాయం రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్‌టైమ్, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. మొహమాటానికి సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు కూర్చుని గంటలకొద్దీ మీ వీడియోలు చూడరు.

‘వీడియోలకు లైక్ కొట్టండి, ఇంట్లోంచే సంపాదించండి’ అనే మెసేజ్‌లతోనూ జాగ్రత్త. మొదట వంద, నూటయాభై నిజంగానే వేస్తారు. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటూ మన దగ్గరే వేలు, లక్షలు కట్టించుకుని మాయమవుతారు. లైకులు అమ్ముడుపోతాయని అందరికీ తెలుసు కాబట్టే ఈ మోసం నమ్మబుద్ధవుతుంది.

ఊడ్చేసే రోజు వస్తే..

వెంటనే పట్టుకోకపోయినా కంపెనీలు అప్పుడప్పుడూ చీపురు పడతాయి. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఊడ్చేస్తే పాప్ గాయకుడు జస్టిన్ బీబర్‌కు 35 లక్షల మంది తగ్గారు. 2018 జులైలో ట్విటర్ అనుమానంతో లాక్ చేసిన ఖాతాలను లెక్కలోంచి తీసేసినప్పుడు ఆ కంపెనీ సొంత ఖాతాకే 70 లక్షలకు పైగా కోత పడింది. నకిలీలు అడక్కుండానే పెద్దవాళ్ల వెంట పడతాయి కాబట్టి వీళ్లు కొన్నారని కాదు. కోట్లున్నవాళ్లకు అది గీతలాంటిది. కానీ 10,800 నుంచి రాత్రికి రాత్రి 900కు పడిపోయిన పేజీని చూసి క్లాసంతా ఏమనుకుంటుంది?

ఇంటర్వ్యూలో దొరికేది ఇక్కడే

డిజిటల్ మార్కెటింగ్, కంటెంట్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు రెజ్యూమెలో తమ పేజీ లింకు పెడుతున్నారు. మంచిదే. కానీ ‘50 వేల ఫాలోవర్లు’ అని రాస్తే అవతలివాళ్లు అడగబోయేది ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్. రీచ్ ఎంత? ఏ ఊళ్ల వాళ్లు చూస్తున్నారు? ఏ వయసువాళ్లు? తెలుగు వంటల పేజీకి సగం మంది సావోపాలో నుంచి ఉంటే ఇంకేం చెబుతాం! పాత పోస్టుల కింద ‘నైస్’, ‘సూపర్’, నిప్పు బొమ్మలు తప్ప ఒక్క ప్రశ్న కూడా లేకపోతే అనుభవమున్నవాళ్లకు రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. ఫాలోవర్లు తక్కువున్నారని ఎవరూ తప్పుపట్టరు. అబద్ధం రాసిన రెజ్యూమెను మాత్రం పక్కన పెట్టేస్తారు.

చిన్న వ్యాపారులూ ఇప్పుడు తెలివిమీరారు. కరీంనగర్‌లోని కోచింగ్ సెంటర్‌కు కావాల్సింది చుట్టుపక్కల చదువుకునే మూడు వేల మంది. ఎక్కడివారో తెలియని లక్షమంది కాదు.

చట్టం ఏమంటోంది?

డెవూమీ యజమానిపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసు 2019 అక్టోబరులో 25 లక్షల డాలర్ల జరిమానా ఒప్పందంతో తేలింది. 2024 అక్టోబరు నుంచి అక్కడ వ్యాపార లాభం కోసం తెలిసి నకిలీ ఫాలోవర్లను అమ్మడమే కాదు, కొనడమూ నేరుగా నిబంధనల ఉల్లంఘనే. మన దగ్గర దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. అలాగని వదిలేస్తారనుకోవద్దు. 2020లో తన పేరుతో నకిలీ ప్రొఫైల్ నడుస్తోందని ఓ గాయని ఫిర్యాదు చేస్తే, ముంబయి పోలీసులు తీగ లాగి ఫాలోవర్లను అమ్మే ముఠా దాకా వెళ్లారు. ఇతరుల గుర్తింపును వాడుకుని చేసే మోసాలకు ఐటీ చట్టంలోని 66సి, 66డి సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దొంగ లెక్క చూపించి బ్రాండ్ దగ్గర డబ్బు తీసుకుంటే అదీ మోసం కిందికే రావచ్చు.

ఇప్పుడేం చేయాలి?

• థర్డ్ పార్టీ యాప్‌లో లాగిన్ అయి ఉంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి. టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో ఏ యాప్‌లకు అనుమతి ఉందో చూసి, అక్కర్లేనివి తీసేయండి.

• కొన్న ఫాలోవర్లను రోజుకు కొందరి చొప్పున తొలగించండి. నంబర్ తగ్గితే మనసు చివుక్కుమంటుంది, కానీ లెక్క మళ్లీ నిజమవుతుంది.

• డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే యాప్‌లోనే ఉన్న అధికారిక ప్రమోషన్ వాడండి. ఏ జిల్లా, ఏ వయసువాళ్లకు చూపించాలో మీరే ఎంచుకోవచ్చు. చూసేది మనుషులే.

• టాస్క్‌ల పేరుతో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

• నెల రోజులు ఫాలోవర్ల నంబర్ చూడటం మానేయండి. ఏ వీడియోను ఎక్కువమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది షేర్ చేశారు.. ఈ రెండే రాసుకోండి. నెలాఖరుకు వాటిలో ముందున్న రెండు వీడియోలు చూస్తే, తర్వాత ఏం తీయాలో మీకే తెలుస్తుంది.