తాళి కట్టినాక మొదలయ్యే ప్రేమకథ: బుడుగును మళ్ళీ ఎందుకు చదవాలంటే

ఈరోజు టమోటా రేటు గురించి రాయడం లేదు. రోజూ అదే కదా. ఒక పుస్తకం గురించి రాస్తా.

మా పాప తిరుపతిలో డిగ్రీ చదువుతా ఉంది. సెలవులకి సోమలకి వచ్చినప్పుడల్లా ఫోన్లో జపాన్ వాళ్ళ బొమ్మల కథ ఒకటి చదువుతుంటుంది. మాంగా అంటారంట. కుడి నుంచి ఎడమకి చదవాలంట. ఒక పిల్ల, ఒక పిల్లోడు, వాళ్ళ తగాదాలు, నవ్వులు. మూడోసారి చదువుతున్నానంటే, "కలుస్తారని తెలిసిపోయింది కదమ్మా, మళ్ళీ ఎందుకు?" అన్నా. "కలుస్తారని తెలిసింది కాబట్టే, ఎట్లా కలుస్తారో నిదానంగా చూడొచ్చు నాయనా" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేనూ అదే పని చేస్తా, బుడుగుతో.

ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు 1956-57లో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. బొమ్మలు బాపు గారివి. అందరూ దాన్ని పిల్లల పుస్తకం అంటారు. నేనైతే ఒప్పుకోను. అది ప్రేమ పుస్తకం, పిల్లోడి నోటితో చెప్పించినారు, అంతే.

చూడండి. బాబాయికి రెండుజెళ్ళ సీత మీద మనసు. బుడుగుకి సీగాన పెసూనాంబ అని ఒక స్నేహితురాలు. ఆ పేరు అసలు శ్రీ జ్ఞానప్రసూనాంబ. మన శ్రీకాళహస్తి అమ్మవారి పేరే! ఇంక బుడుగు అమ్మానాన్న రాధ, గోపాళం. పోట్లాడుకుంటారు, మళ్ళీ కలిసిపోతారు. ఇదంతా బుడుగు చూస్తాడు, చెప్తాడు. వాడికి అర్థం కాదు, మనకి అవుతుంది. నవ్వు అక్కడే ఉంది. వయసు పెరిగే కొద్దీ మనకి ఇంకా ఎక్కువ అర్థమవుతుంది. అందుకే ఈ పుస్తకం ఒకసారికి అయిపోదు.

ఇంటర్ చదివేటప్పుడు నేను బాబాయిని. బాపు గారి సీత బొమ్మ వచ్చిన పేజీ దాటేవాణ్ణి కాదు. పిల్లలు పుట్టినాక బుడుగు అల్లరి చూసి నవ్వినా. ఇప్పుడు యాభై దాటినాక రాధాగోపాళాన్నే చదువుతున్నా. మన కథలు, సినిమాలు చాలావరకు తాళి కట్టడంతో అయిపోతాయి. రమణ గారు ఆ తర్వాత ఇంట్లో జరిగేదాన్ని ప్రేమ అన్నారు. 2005లో బాపు గారు వాళ్ళ పేరుతోనే రాధాగోపాళం సినిమా తీసినారు. అందులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లాయర్లే.

లోపాలు లేవనను. అది ఉన్నంతలో బతికే పట్నం ఇల్లు. మన సీమ మాట అందులో లేదు. పక్కింటి పిన్నిగారి లావు మీద వేసిన జోకులకి అప్పుడు నవ్వినా, ఇప్పుడు నవ్వు రాదు. అయినా పుస్తకం పక్కన పెట్టను. ఎందుకో చెప్తా.

రెండేళ్ళ కింద మా ఆమె సరుడు కుదువ పెట్టి బోరు వేసినా. ఆమెను సరిగ్గా అడగలేదు. 900 అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మాట్లాడ్డం మానేసింది. అన్నం పెట్టేది, ఆవులకి మేత వేసేది, పాలు పిండేది. ఇరవై రోజులు ఇల్లు అట్లనే ఉండింది. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఒక రాత్రి విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తా ఉన్నారు తల్లీ బిడ్డా. నాకు చెయ్యి నొప్పిగా ఉంటే బుడుగు తీసి పైకి చదివినా. మా ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తల ఎత్తకుండా వింటా ఉంది. రాధాగోపాళం తగాదా వచ్చేసరికి అడిగింది.

"ఆ గోపాళం కూడా పెళ్ళాన్ని అడక్కుండా బోరు ఏసినాడా?"

"ఆయనకి చేను లేదు."

"లేదు గాబట్టే నవ్వుకుంటా ఉండారు."

పాప ముందు నవ్వింది. తర్వాత ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే నేను "తప్పయింది" అన్నా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

సరుడు ఇంకా విడిపించలేదు. పుస్తకం అప్పు తీర్చదు. కానీ మన రైతుల ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది మండీ లెక్క, పాల లెక్క, వడ్డీ లెక్క. ఆ లెక్కలు తప్పినప్పుడు ఇంక మాటే ఉండదు. ఇద్దరూ కలిసి నవ్వడానికి మూడో మనిషి కథ ఒకటి ఉండాల. ఎదురుగా చెప్పలేనిది దాని చాటున చెప్పుకోవచ్చు.

మీ ఇంట్లో అటక మీద బుడుగు ఉంటే దించండి. లేకుంటే లైబ్రరీలో అడగండి. చిన్నప్పుడే చదివేసినాం అనకండి. అప్పుడు చదివింది బుడుగును. ఇప్పుడు వాళ్ళ అమ్మానాన్నలను చదవండి, పైకి, ఇంట్లో వాళ్ళకి వినబడేట్టు.