అప్పు తీరే దాకా మనిషి నిలవాలి



బీపీ చూపించుకోవడానికి వచ్చిన వారిని మేము ముందుగా అడిగే మాట, "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని. ఎక్కువ మంది తల ఊపుతారు. కొందరు తల దించుకుంటారు. ఒక పెద్దాయన రెండు నెలలుగా మాత్రలు మానేశారు. బీపీ 200 దాటింది. ఎందుకు మానేశారయ్యా అంటే, "నోటు మీద వడ్డీ కట్టాలమ్మా. అది తీరినాక నా సంగతి చూసుకుంటా" అన్నారు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. మాట నిలబెట్టుకోవడం కోసం తన ఒంటినే తాకట్టు పెట్టారు. కానీ రేపు పక్షవాతం వస్తే ఏమవుతుంది? కాలూ చేయీ పడిపోయిన మనిషి అప్పు తీర్చలేడు. వైద్యం కోసం ఇంట్లో వాళ్లు మరో నోటు రాయాలి. అందుకే ఈ నెల ఈ సంగతి మాట్లాడుకుందాం. అప్పు తీర్చడం రెండు మూడేళ్ల ప్రయాణం. అంత కాలం మనసూ ఒళ్లూ నిలబడేటట్లు నడవాలి.

మీరొక్కరే కాదు

అప్పున్న వారిని ముందు కుంగదీసేది సిగ్గు. ఊరంతా బాగుంది, నేనొక్కడినే ఇలా అయిపోయాను అనుకుంటారు. అది నిజం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాలు నూటికి 93 అప్పుల్లో ఉన్నట్లు తేలింది. ఒక్కో కుటుంబం మీద సగటున 2 లక్షల 45 వేల రూపాయల అప్పు ఉంది. దేశంలో అదే అన్నిటికంటే ఎక్కువ.

దీనికి కారణం దుబారా ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను ముంచింది. ఆ అప్పులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్లో పూతను తినేసింది. 2025 మొదట్లో మిర్చి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. కౌలూ కూలీ పెరిగి, పంట పోయి, ధర పడితే అప్పు మిగులుతుంది. తప్పు ఎంత మనదో ఎంత కాదో తేల్చుకుంటూ కూర్చుంటే వడ్డీ ఆగదు. కాబట్టి సిగ్గు పక్కన పెట్టి లెక్క తీద్దాం.

"ఈ పంటతో ఒక్కసారే తీర్చేస్తా"

ఈ మాట మన ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నా అభిప్రాయంలో ఉత్సాహాన్ని చంపేది ఈ మాటే. పంట వచ్చే దాకా ఏమీ కట్టరు. పంట దెబ్బతింటే ఆశ పోతుంది. మళ్లీ వచ్చే ఏడు అంటారు. ఈలోగా నోటుకు మూడేళ్లు నిండుతాయి, తిరగరాస్తారు.

లెక్క చూడండి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారు. ఏమీ కట్టకపోతే మూడేళ్లకు వడ్డీ 72 వేలు. వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తే అసలు 1 లక్ష 72 వేలు అవుతుంది. అక్కడి నుంచి నెలకు వడ్డీయే 3,440 రూపాయలు.

అదే లక్షకు మొదటి నెల నుంచి నెలకు 3,000 కట్టారనుకోండి. వడ్డీకి పోగా మిగిలింది అసల్లో జమ అయితే 56 నెలల్లో తీరిపోతుంది. 4,000 కడితే 35 నెలలు చాలు. నెలకు ఒక వెయ్యి ఎక్కువ కడితే దాదాపు 21 నెలలు కలిసి వస్తాయి. చిన్న మొత్తం కదా అని తీసివేయకండి.

మనసు మీద అప్పు బరువు

అప్పున్నవాడికి బుద్ధి పని చేయదని పెద్దలు అంటారు. దీనిని పరీక్షించి చూశారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తరువాత ఒకే రకమైన పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు లేని రోజుల్లో అదే మనుషులు ఆలోచనలో వెనుకబడ్డారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. సింగపూర్‌లో అప్పుల్లో ఉన్న 196 మంది పేదలకు కొంత అప్పు తీర్చి చూశారు. వారిలో ఆందోళన తగ్గింది, ఆలోచన మెరుగుపడింది. ఎంత డబ్బు తీరిందనే దాని కంటే ఎన్ని అప్పులు పూర్తిగా మూసివేశారనేది మనసుకు ఎక్కువ మేలు చేసిందని 2019లో తెలిపారు.

కాబట్టి నిద్ర పట్టకపోవడం, చికాకు, మతిమరుపు మీ చేతగానితనం కాదు. అది బరువు. ఒక్కొక్క అప్పూ మూసుకుపోతుంటే ఆ బరువు దిగుతుంది.

నిలబడడానికి కొన్ని మార్గాలు

1. అన్ని అప్పులూ ఒక నోటు పుస్తకంలో రాయండి. బ్యాంకు పంట రుణం, బంగారం తాకట్టు, పొదుపు సంఘం కిస్తీ, పురుగుమందుల కొట్టు బాకీ, చేబదుళ్లు, ఏదీ వదలవద్దు. ఎంత అసలు, ఎంత వడ్డీ అన్నది రాయండి. భార్యాభర్తలు కలిసి కూర్చుని రాయాలి. దాచిన అప్పు రెండింతలు బరువు.

2. అన్నిటికీ వడ్డీ లేదా కిస్తీ ఆగకుండా చూసుకుంటూ, మిగిలిన డబ్బు ఒక్క అప్పు మీదే పెట్టండి. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చాలి. అది పెద్దదై మనసు బెదిరిపోతుంటే, ముందు ఒక చిన్న చేబదులు పూర్తిగా తీర్చేయండి. ఒక పేరు కొట్టివేస్తే వచ్చే ధైర్యం వేరు.

3. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించండి. తేదీ, మొత్తం ఉండాలి. దానిని మీ పుస్తకంలో కూడా ఎక్కించండి. కొందరు చిన్న మొత్తాలు తీసుకోరు. అప్పుడు పోస్టాఫీసులో నెలనెలా వేసి, ఆరు నెలలకు ఒకసారి తెచ్చి కట్టండి. మొత్తం తీరిన రోజు నోటు చేతికి తీసుకోనిదే ఇంటికి రావద్దు. ఖాళీ నోటు మీద ఎన్నడూ సంతకం చేయవద్దు.

4. మిగిలిన అసలు ఎంతో నెలకోసారి గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. తగ్గుతున్న అంకె కళ్లకు కనబడాలి. పిల్లలు చూసినా పరవాలేదు. వారికి అంతకంటే మంచి పాఠం లేదు.

5. కట్టలేని నెల వస్తుంది. ఆ నెల వడ్డీ మాత్రమే కట్టండి. అదీ కుదరకపోతే ముఖం చాటేయకుండా వెళ్లి చెప్పండి. ఒక నెల తప్పిందని ప్రయత్నం మొత్తం వదిలేయడం, ఒక రోజు మాత్ర మరిచిపోయామని మందులన్నీ పారవేయడం లాంటిది.

6. సెల్‌ఫోన్ యాప్‌లో అప్పు తెచ్చి ఈ అప్పు తీర్చవద్దు. అప్పిచ్చే యాప్ మీ ఫోన్‌లోని పేర్లు, నంబర్లు తీసుకోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. వసూలుకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదని కూడా అదే ఏడు చెప్పింది. బెదిరిస్తే పోలీసు స్టేషన్‌కు వెళ్లండి.

రూపాయి మీద నడిచిన అక్కచెల్లెళ్లు

చిన్న మొత్తంతో ఏమవుతుంది అనేవారికి పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాను చూపిస్తాను. 1990ల మొదట్లో దూబగుంట స్త్రీలు సారా అంగడి మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. దాని వెనుకే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి అనే కార్యక్రమం వచ్చింది. రోజుకు ఒక రూపాయి దాచడం వారి నియమం. రూపాయితో ఎవరి కష్టాలూ తీరవు. కానీ పది మంది కలిసి కూర్చోవడం, పుస్తకంలో రాయడం, వచ్చే నెల మళ్లీ కూర్చోవడం వారికి అలవాటైంది. ఆ అలవాటే వారిని బ్యాంకు మెట్లు ఎక్కించింది. అప్పు తీర్చే వారికి కూడా ఇదే కావాలి. చిన్న మొత్తం, రాసిన పుస్తకం, తోడుగా మనిషి.

వేటిని తగ్గించకూడదు

పెళ్లిలో షామియానా తగ్గించవచ్చు. క్రిస్మస్‌కు ఒక్క ఏడు కొత్త బట్టలు మానవచ్చు. పొగాకు, సారాయి ఎప్పుడు మానినా మంచిదే. కానీ మందులు, పిల్లల పాలు గుడ్లు, గర్భిణీ స్త్రీ భోజనం, బడి మాత్రం తగ్గించకండి. బీపీ, షుగర్ మాత్రలు కొనలేకపోతే ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. పెద్ద జబ్బులకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. కార్డు వర్తిస్తుందో లేదో కనుక్కోకుండా నోటు రాయవద్దు. మా దగ్గర కూడా నోరు విప్పి చెప్పండి. ఖర్చు తక్కువ మాత్ర ఉందా అని డాక్టరు గారిని అడగడంలో చిన్నతనం లేదు. చెప్పకుండా మానేయడమే ప్రమాదం.

సంఘ కుటుంబాలకు ఒక మాట

అప్పున్న కుటుంబం ఆదివారం గుడికి రావడం మానేస్తుంది. అప్పిచ్చినవారు అక్కడ ఎదురుపడతారని భయం. దయచేసి గుడి వాకిట్లో ఎవరినీ బాకీ అడగకండి. రాని వారి ఇంటికి ఒకసారి వెళ్లి కూర్చోండి. డబ్బు ఇవ్వలేకపోయినా లెక్క రాయడానికి సాయపడవచ్చు.

ఎవరైనా "నేను పోతే అందరికీ పీడ వదులుతుంది" అంటే తేలికగా తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే వెంటనే తీసివేయండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. లేదా ఆసుపత్రికి తీసుకురండి.

పైన చెప్పిన పెద్దాయన మళ్లీ మాత్రలు వేసుకుంటున్నారు. వచ్చినప్పుడల్లా ఆయన బీపీ చీటీతో పాటు చెల్లు పుస్తకం కూడా చూపిస్తారు. రెండు అంకెలూ కొద్ది కొద్దిగా దిగుతున్నాయి. ఇంకా చాలా దూరం ఉంది. కానీ ఆయన ఇప్పుడు తల దించుకోవడం లేదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీరు కూడా ఒక నోటు పుస్తకం తీయండి. ముందు మాత్ర వేసుకుని కూర్చోండి.