ముల్లు గంతులేస్తోందా?

పోయిన నెల రాబర్ట్‌సన్‌పేటలో మా చిన్నాయన ఇంటికి వెళ్లేసరికి అక్కడ పెద్ద పంచాయతీ నడుస్తోంది. పంచాయతీ ఆయన అంబాసిడర్ మీద. ముప్పై ఏళ్లు దాటిన బండి. ఇంజను బాగానే ఉంది, బ్రేకులు బాగానే ఉన్నాయి. స్పీడోమీటరు ముల్లు మాత్రం ఇరవైకీ అరవైకీ మధ్య గంతులేస్తోంది. కూతురు చిత్తూరులో ఉంది. రెండు నెలలకోసారి పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి అక్కడికి వెళ్లిరావడం ఆయనకు అలవాటు. "ముల్లు చూసేదే మానేసినానప్పా, చెవితో నడుపుతా ఉండాను" అన్నాడు నాతో. ఆ మాట చిన్నమ్మ చెవిన పడింది. ఇక తాను ఆ బండి ఎక్కేది లేదు, అమ్మేయాల్సిందే అని పట్టుబట్టింది.

షెడ్డులో చూపిస్తే మీటరే మార్చాలన్నారట. ఆ మోడలుకు కొత్త మీటరు దొరకలేదు. పాత సామాన్ల అంగట్లో దొరికేదాన్ని నమ్మడానికి లేదు. పైగా ఆర్సీ గడువు దగ్గరపడింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారును ఐదేళ్లకోసారి పరీక్షకు తీసుకుపోయి పొడిగించుకోవాలి కదా. ఈ గంతులేసే ముల్లుతో అక్కడికి ఎట్లా పోవడం?

చిన్నాయన సంగతి తెలిసినవాళ్లకు ఆ "చెవితో నడుపుతా" అన్న మాట వింతగానే ఉంటుంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడేదాకా ఆయన వైండింగ్ ఇంజను డ్రైవరు. గనిలోకి మనుషులను దించే కేజి ఆయన కంటికి కనబడదు. ఇంజను గదిలో కూర్చున్నవాడికి ఆధారం రెండే. ఒకటి గంట మోత, రెండోది కేజి ఎంత లోతులో ఉందో చూపించే ముల్లు. ముల్లును నమ్మి అన్నేళ్లు మనుషులను దించి, ఎక్కించిన మనిషి తన కారు ముల్లును నమ్మలేకపోతున్నాడు.

మన పాఠకుల్లో పాత అంబాసిడర్లను, ప్రీమియర్ పద్మినీలను వదులుకోలేనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ రోజు మేము చేసింది రాస్తున్నాను. కొత్త కార్లవాళ్లు ఈ పేజీ దాటేయవచ్చు. వాటిలో ఈ కేబులు ఉండదు, వేగం లెక్క సెన్సరు నుంచి వైర్ల మీద వస్తుంది.

పాత బండిలో గేర్‌బాక్సు దగ్గర ఒక చిన్న పళ్ల చక్రం తిరుగుతుంది. దానికి తగిలించిన కేబులు లోపలి తీగ కూడా దానితోపాటు తిరుగుతూ మీటరు దాకా వస్తుంది. మీటరులో ఆ తీగ కొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. మన ముల్లు ఆ గిన్నెకు అతికి ఉంటుంది. అయస్కాంతమూ గిన్నే ఒకదాన్నొకటి తాకవు. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి కరెంటు పుట్టి, అది గిన్నెను తనతో లాక్కుపోవాలని చూస్తుంది. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. ఆ ఇద్దరి లాగులాట ఎక్కడ తేలితే అక్కడ ముల్లు నిలుస్తుంది. ఈ పద్ధతికి ఆటో షుల్జె అనే జర్మన్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి మన గనులకు కరెంటు తెచ్చింది కూడా ఆ ఏడే. ఈ మాట చెబితే చిన్నాయన ముఖం వెలిగింది.

ఇక గంతుల సంగతి. కేబులు లోపలి తీగ ఒకే కమ్మీ కాదు. సన్నని ఉక్కు తీగలను పొరలు పొరలుగా చుట్టి చేసింది. గ్రీసు ఎండిపోయో, తుప్పు పట్టో, పైతొడుగు ఎక్కడో నొక్కుకుపోయో తీగ ఒకచోట పట్టేసిందనుకోండి. కింద గేర్‌బాక్సు ఆగదు, తిప్పుతూనే ఉంటుంది. తీగ మెలిపడుతుంది. మెలి బిగిసి బిగిసి ఒక్కసారిగా వదులుతుంది. ఆ వదిలినప్పుడల్లా పైన అయస్కాంతం గిర్రున తిరిగి ముల్లు ఎగురుతుంది. అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు గంతులు ఎక్కువ, వేగం పెరిగితే కొంత తగ్గుతాయి. డాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమని చప్పుడు కూడా వస్తుంటే అనుమానం ముందు కేబులు మీదికే పోవాలి. ముల్లు అసలు లేవకపోతే తీగ తెగిందనో, దాని నలుపలకల కొస అరిగిందనో అనుకోవచ్చు. నిలకడగా ఉంటూనే తప్పు చూపిస్తే మాత్రం టైర్ల సైజు మారిందేమో, మీటరులోనే లోపముందేమో చూసుకోవాలి.

ముందుగా బ్యాటరీ ఎర్తు వైరు తీసేశాము. మీటరు వెనక చేయి పెడితే వైర్ల గుంపు తగులుతుంది, షార్టయితే కొత్త తలనొప్పి. కేబులును మీటరుకు పట్టే గుండ్రటి నట్టును చేత్తోనే విప్పి, బయటపడ్డ తీగ కొసను రెండు వేళ్లతో పట్టి మెల్లగా ఇటూ అటూ తిప్పి చూశాను. బాగున్న కేబులైతే మెత్తగా కదలాలి. ఇది గరగరమని, ఒకచోట బిగిసి, ఠక్కున వదిలింది. మీటరు మార్చమన్న షెడ్డువాళ్లు ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది.

తీగను పైనుంచి లాగితే చాలా కార్లలో వచ్చేస్తుంది. రాకపోతే గేర్‌బాక్సు దగ్గర కూడా విప్పాలి. అప్పుడు చక్రాలకు అడ్డుకట్టలు వేసి, స్టాండ్ల మీద నిలబెట్టనిదే బండి కిందికి దూరకండి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ పడుకోవద్దు. కొంచెం గేర్‌బాక్సు ఆయిలు కారవచ్చు, కింద పాత డబ్బా పెట్టుకోండి.

మా తీగ నల్లటి పొడితో బయటికొచ్చింది. సైనైడు దిబ్బల మీది సన్నటి దుమ్ము గాలికాలంలో ఆ ఊళ్లో ఎక్కడికి దూరదు గనక! పైతొడుగు చిరిగితే ఇక చెప్పనక్కరలేదు. తీగను కిరసనాయిలులో ముంచి, గుడ్డకు నలుపు అంటనంతవరకు తుడిచాము. తర్వాత నున్నటి గచ్చు మీద దొర్లించాము. తిన్నగా ఉన్న తీగ సాఫీగా దొర్లుతుంది, ఎక్కడైనా వంగి ఉంటే అక్కడ ఎగిరెగిరి పడుతుంది. పోగులు తెగినా, శాశ్వతంగా వంగినా కడగడం దండగ, కొత్త కేబులే వేసుకోవాలి. కొనబోయేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకుపోండి, పొడుగూ కొసలూ సరిపోవాలి. చిన్నాయన తీగ అదృష్టవశాత్తూ బాగానే దొర్లింది.

అంతకుముందు షెడ్డులో ఒక కుర్రాడు పైనుంచి ఇంజను ఆయిలు పోశాడట. వారం రోజులు ముల్లు బుద్ధిగా ఉండి, తర్వాత మామూలే. ఆయిలు పల్చన, కిందికి జారిపోతుంది. గ్రీసు మరీ ఎక్కువైతే ఇంకొక చిక్కు. చుట్లు చుట్లుగా ఉన్న తీగ తిరుగుతుంటే మర మాదిరిగా గ్రీసును పైకి ఎక్కిస్తుంది. అది మీటరులోకి చేరిందంటే గిన్నె, అయస్కాంతం జిడ్డుకు పట్టుకుని ముల్లు పైనే నిలబడిపోతుంది. అందుకని పల్చటి గ్రీసును వేళ్లతో సన్నగా పూసి, మీటరు వైపు కొసన జానెడు మేర పొడిగా వదిలేశాము.

అసలు దోషి డాష్‌బోర్డు వెనక దొరికాడు. ఎప్పుడో పాటల పెట్టె బిగించినవాళ్లు దానికి చోటు చాలక కేబులును పక్కకు నెట్టి, మడత పడేట్టు కట్టేశారు. తీగ పట్టేస్తున్నది సరిగ్గా అక్కడే. కట్టు తెంచి, మడత పోయి పెద్ద వంపు వచ్చేట్టు, మీటరు దగ్గర కొంతదూరం తిన్నగా ఉండేట్టు కేబులును దారి మార్చాము. సైలెన్సరు గొట్టానికి తగలకుండా చూసుకున్నాము. తీగను తిప్పుతూ లోపలికి తోశాను. కింద నలుపలకల గాడిలో కూర్చున్నప్పుడు చేతికి తెలుస్తుంది. నట్టును చేత్తోనే బిగించాలి. పట్టకారు పెడితే మరలు పోతాయి.

ఇంత చేసినా గంతులు ఆగకపోతే అప్పుడు మీటరు లోపలి బేరింగును అనుమానించాలి. దాన్ని ఇంట్లో విప్పకండి. ఆ వెంట్రుక స్ప్రింగు వంగితే మళ్లీ ముల్లు నిజం చెప్పదు. మీటర్లు బాగుచేసేవాళ్ల దగ్గరికే పంపండి.

సాయంత్రం బేతమంగళం రోడ్డు మీద పరీక్షకు బయల్దేరాము. నేను ఫోనులో వేగం చూద్దామంటే చిన్నాయన ఒప్పుకోలేదు. ఆయన పద్ధతి కిలోమీటరు రాయి, చేతి గడియారం. ఒక రాయి నుంచి ఇంకో రాయికి అరవై సెకన్లు పడితే గంటకు అరవై, డెబ్బై రెండయితే యాభై, తొంభై అయితే నలభై. ముల్లును నలభై మీద నిలిపి ఆయన నడుపుతుంటే నేను సెకన్లు లెక్కపెట్టాను. మొదటి రాయికి తొంభై మూడు, రెండోదానికి తొంభై రెండు. అంటే ముల్లు ఒక కిలోమీటరు ఎక్కువ చూపిస్తోంది. ముల్లు మాత్రం కదలకుండా ఉంది. ఆయన ఆ రెండు సెకన్ల కోసం ఇంకొక రాయి దాకా పోదామన్నాడు గానీ చీకటి పడుతోందని వెనక్కి తిప్పించాను.

ఇంటికొచ్చాక చిన్నమ్మ అడిగింది ఒక్కటే. "ఘాటులో కూడా నిలుస్తుందా?" ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చిత్తూరు వెళ్లాడు. ఘాటు దిగినంతసేపూ రోడ్డు ఆయన చూశాడట, ముల్లు ఆమె చూసిందట.