టమోటా ధర చూపిస్తే సరిపోతుందా?

మదనపల్లె మార్కెట్ ధర ఫోన్లో చూపిస్తే టమోటా రైతు కష్టాలు తీరిపోతాయని మన సాఫ్ట్‌వేర్ జనాలకి గట్టి నమ్మకం. నాకైతే లేదు.

2023 జులైలో అక్కడ కిలో వంద దాటింది. అది చూసి పుంగనూరు రైతు నారు నాటాడనుకోండి, కాయ కోతకొచ్చేసరికి రెండు నెలలు. అదే ధర చూసి మిగతావాళ్ళూ నాటేసుంటారు కదా! సెప్టెంబరుకి ధర పడిపోయింది. మన భాషలో, ఫీడ్‌బ్యాక్ లూప్‌లో రెండు నెలల లేటెన్సీ. దాన్ని వదిలేసి స్క్రీన్ రిఫ్రెష్ రేటు పెంచితే ఊగిసలాట ఇంకా పెరగొచ్చు. (రివ్యూలో ఈ మాటెత్తితే 'మన స్కోప్ కాదు' అంటారనుకోండి.)

అప్పట్లో అదే చిత్తూరు జిల్లాలోని కుప్పంలో, 2002లో హెచ్‌పీ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో నాకు నచ్చింది, పల్లె ఆడవాళ్ళకి సోలార్‌తో నడిచే కెమెరా, ప్రింటర్ ఇచ్చి ఫొటోగ్రాఫర్లని చెయ్యడం. కార్డులకి ఫొటోలెలాగూ కావాలి, కరెంటు చూస్తే నమ్మకం లేదు, తీసినావిడకి నాలుగు డబ్బులు. చుట్టూ ఉన్నవన్నీ చూసి చేసిన వస్తువు.

టమోటాకి కూడా అలాగే చూడాలి. ధర పక్కన ఇంకో అంకె పెట్టమంటాను: ఈ వారం నర్సరీల్లో ఎంత నారు అమ్ముడైంది? రెండు నెలల తర్వాత మార్కెట్టుకొచ్చే సరుకు అక్కడ ముందే కనబడుతుంది. అది చూసి అందరూ నాటడం మానేస్తే? ఆ సంగతీ వచ్చే వారం అంకెలోనే తెలిసిపోతుంది, రెండు నెలలు ఆగక్కర్లేదు.

నర్సరీవాళ్ళు లెక్క ఎందుకు చెప్తారంటారా? ఊరికే చెప్పరు. వాళ్ళకేం గిట్టుతుందో తేల్చాకే స్క్రీన్లు గియ్యడం మొదలుపెట్టాలి.