సన్నద్ధతే సేనాని కొలమానం

జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు 1981 జూన్ 1 నుంచి 1983 జులై 31 వరకు భారత సైన్యాధిపతిగా పనిచేశారు. ఆ పదవికి ఎదిగిన తెలుగువారు అరుదు. అయితే ఆయన సైన్యానికి చేసిన పెద్ద మేలు ఆ రెండేళ్లలో చేసింది కాదు. అంతకు ఆరేళ్ల ముందు, తుపాకీ మోత వినబడని ఒక కమిటీ గదిలో అది జరిగింది. సేనానిని గెలిచిన యుద్ధాలతోనే కొలవడం మనకు అలవాటు. కృష్ణారావు జీవితం ఆ కొలతను సరిచేసుకోమంటుంది.

ఆయన 1923 జులై 16న జన్మించారు. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా ఉద్యమంతో దేశం అట్టుడుకుతున్న నెలలోనే, మహర్ రెజిమెంటులో అధికారిగా చేరారు. ఆ రెజిమెంటు పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలోనూ, వాయవ్య సరిహద్దుల్లోనూ పనిచేశారు. 1947లో విభజన అల్లర్లతో రగిలిపోతున్న పంజాబులో ఉన్నారు. ఆ వెంటనే జమ్ముకశ్మీర్ యుద్ధంలో పాల్గొన్నారు. 1949లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఇంకా డెహ్రాడూన్‌లోనే ఉండగా, అక్కడి తొలి శిక్షకుల్లో ఒకరయ్యారు. తర్వాత మహర్ మూడో బెటాలియన్‌కూ, 1965 ప్రాంతంలో లద్దాఖ్‌లో ఒక బ్రిగేడుకూ, జమ్ములో ఒక డివిజన్‌కూ నాయకత్వం వహించారు. బెటాలియన్, బ్రిగేడ్, డివిజన్ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కినవారు కావడం వల్ల, పైనుంచి వెళ్లే ఆదేశం కింద ఉన్న జవానుకు ఏ రూపంలో చేరుతుందో ఆయనకు బాగా తెలుసు.

యుద్ధరంగంలో ఆయనకు అసలు పరీక్ష 1971లో ఎదురైంది. నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటుదారులను ఎదుర్కొంటున్న 8వ మౌంటెన్ డివిజన్ అప్పుడు ఆయన అధీనంలో ఉంది. కొండల్లో చిన్న చిన్న జట్లుగా గాలింపులకు అలవాటుపడిన ఆ బలగాన్ని తూర్పు పాకిస్తాన్‌లోని సిల్హెట్ రంగానికి తరలించారు. తేయాకు తోటలు, వాగులు, చిత్తడి నేలల మధ్య అది పూర్తిస్థాయి యుద్ధం చేయాలి. డివిజన్ కులౌరా, మౌల్వీబజార్ మీదుగా ముందుకు సాగింది. సిల్హెట్‌లోని పాకిస్తాన్ దళాలు చాలావరకు వెళ్లిపోయాయన్న సమాచారం అందింది. డిసెంబరు 7న కోర్ కమాండర్ సగత్ సింగ్ నిర్ణయంతో గూర్ఖాల బెటాలియన్ ఒకటి ఎంఐ-4 హెలికాప్టర్లలో సుర్మా నది దాటి సిల్హెట్ శివార్లలో దిగింది.

సమాచారం తప్పని నేల మీద కాలు పెట్టగానే తెలిసింది. శత్రువు అక్కడే ఉన్నాడు. మౌల్వీబజార్ వైపునుంచి ఇంకో బ్రిగేడు కూడా వచ్చి సిల్హెట్‌లో చేరింది. 48 గంటల్లో మిగతా బలగం వచ్చి కలుస్తుందనుకున్న గూర్ఖాలు, కొద్దిపాటి మందుగుండుతో, తొమ్మిది రోజులు నిలదొక్కుకోవలసి వచ్చింది. అక్కడ దిగింది ఒక బ్రిగేడని బీబీసీ రేడియో చెప్పడం వారికి కలిసొచ్చింది. కొన్ని వందల మంది ఎడంగా చెదిరి నిలబడి, తామే బ్రిగేడన్నట్టు కాల్పులు జరిపారు. తమకన్నా ఎన్నో రెట్లున్న శత్రువు చివరిదాకా తెగించి మీదపడలేదు. ఢాకాలో పాక్ సేనలు లొంగిపోయిన రోజుల్లోనే, సిల్హెట్‌లో ముగ్గురు బ్రిగేడియర్లతో సహా వేలమంది 8వ డివిజన్‌కు ఆయుధాలు అప్పగించారు. ఈ యుద్ధ సేవకు కృష్ణారావుకు పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

ఈ విజయంలో రెండు పాఠాలున్నాయి. వేగంగా కదిలే చిన్న బలగం, కదలలేని పెద్ద బలగాన్ని కట్టిపడేయగలదు. అయితే ముందుకు దూకిన వారిని సకాలంలో కలుసుకోలేకపోతే ఆ వేగమే వారి ప్రాణాల మీదికి తెస్తుంది. సిల్హెట్‌లో జవాన్ల తెగువ ఆ లోటును పూడ్చింది. ప్రతిసారీ తెగువ మీదే ఆధారపడే సైన్యం తన జవాన్లకు అన్యాయం చేసినట్టే.

1975లో సైన్యం పునర్వ్యవస్థీకరణ, ఆధునికీకరణలపై నియమించిన నిపుణుల కమిటీకి అప్పుడు లెఫ్టినెంట్ జనరల్‌గా ఉన్న కృష్ణారావు అధ్యక్షులయ్యారు. మేజర్ జనరళ్లు ఎం.ఎల్. ఛిబ్బర్, కె. సుందర్‌జీ అందులో సభ్యులు. సుందర్‌జీ కూడా మహర్ రెజిమెంటు అధికారే, తర్వాత ఆయనా సైన్యాధిపతి అయ్యారు. 2000 సంవత్సరం నాటికి భారత సైన్యం ఎలా ఉండాలన్నది వారి ముందున్న ప్రశ్న. వచ్చే బడ్జెట్ దాకా మాత్రమే చూసే వ్యవస్థలో పాతికేళ్ల ముందుచూపు మామూలు విషయం కాదు.

అప్పటి లోపం క్షేత్రస్థాయిలో స్పష్టంగా కనిపించేది. ట్యాంకు పొలాలకు అడ్డంపడి పోతుంది, కాల్బలం మాత్రం లారీల్లో రోడ్డు పట్టుకుని వెనక వస్తుంది. లారీ గోడ తూటాను ఆపదు, కాలువ అడ్డమొస్తే బండి ఆగిపోతుంది. పంజాబు సరిహద్దు నిండా కాలువలూ కరకట్టలే. కాల్బలం తోడులేని ట్యాంకు, దగ్గరినుంచి కొట్టేవాడికి సులువుగా చిక్కుతుంది. దీనికి కమిటీ చూపిన విరుగుడు యాంత్రిక పదాతిదళం. బీఎంపీ-1 అనే ఉక్కు కవచపు వాహనంలో నడిపే సిబ్బంది ముగ్గురు, వెనక ఎనిమిది మంది జవాన్లు కూర్చుంటారు. దానికి 73 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది, నీళ్లలో ఈదుతూ అవతలి ఒడ్డుకు చేరుతుంది. ట్యాంకు పోయిన చోటికల్లా జవాను పోగలడు. వివిధ పదాతి రెజిమెంట్ల పాత బెటాలియన్లను మార్చి, 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటును ఏర్పాటు చేశారు. తరాల చరిత్ర, సొంత జెండా, సొంత నినాదం ఉన్న బెటాలియన్లను కొత్త రెజిమెంటులోకి ఒప్పించి తేవడం వాహనాలు కొనడం కన్నా కష్టమైన పని. పోరాడే బలగానికీ, వెనకనుంచి సరఫరాలు చూసే బలగానికీ మధ్య నిష్పత్తిని మెరుగుపరచాలన్న ఆలోచన కూడా ఆ కమిటీ కృషిలో భాగమే.

పదవీ విరమణ తర్వాత ఆయన ఈశాన్య రాష్ట్రాల్లో గవర్నరుగా ఉన్నారు. 1989 జులై నుంచి 1990 జనవరి వరకు, మళ్లీ 1993 నుంచి 1998 వరకు జమ్ముకశ్మీర్ గవర్నరుగా పనిచేశారు. ఈ ఘట్టాన్ని విజయగాథగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. 1993లో మిలిటెంట్లు చేరిన హజ్రత్‌బల్ దర్గా ముట్టడి రక్తపాతం లేకుండా ముగిసింది. కానీ అదే సమయంలో బిజ్‌బెహారాలో నిరసనకారులపై భద్రతా దళాలు జరిపిన కాల్పుల్లో పౌరులు మరణించారు. 1995లో చరార్-ఎ-షరీఫ్ దర్గా కాలిపోయింది. అదే ఏడాది జనవరి 26న జమ్ములోని మౌలానా ఆజాద్ స్టేడియంలో గణతంత్ర దినోత్సవం జరుగుతుండగా బాంబులు పేలాయి. గవర్నరే లక్ష్యమైన ఆ దాడిలో ఆయన క్షేమంగా బయటపడ్డారు, ఇతరులు ప్రాణాలు కోల్పోయారు. 1996లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగి, ఆరేళ్లకు పైగా సాగిన కేంద్ర పాలన ముగిసింది. తుపాకీ బలం పరిస్థితిని అదుపులోకి తేగలదే తప్ప పాలనకు సమ్మతిని సంపాదించలేదన్న సత్యానికి ఆ ఎన్నికలే నిదర్శనం.

సిద్ధపడని జాతి నశిస్తుందన్నది దేశ భద్రతపై ఆయన రాసిన ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ గ్రంథం పేరులోనే ఉంది. 2016 జనవరి 30న, 92 ఏళ్ల వయసులో ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. సిల్హెట్‌లో తొమ్మిది రోజులు జవాన్లు తమ తెగువతో పూడ్చిన లోటును, మరో తరం జవాన్లు పూడ్చవలసిన అగత్యం రాకుండా చూడడమే కమిటీ గదిలో ఆయన చేసిన పని. ఆయన నాటిన యాంత్రిక పదాతిదళం నేటికీ సైన్యంలో ట్యాంకుల పక్కనే నడుస్తోంది.