రాగిరేకు చెప్పినది, చెప్పనిది



జూబ్లీహిల్స్‌లో తిరుమల తిరుపతి దేవస్థానంవారి వేంకటేశ్వరాలయం 2019లో వెలసింది. ఫిలింనగర్ చేరువలోనిదే కనుక చిత్రసీమవారూ, నావంటి విశ్రాంత ఉపాధ్యాయులూ అక్కడ తారసపడుతుంటారు. మొన్న దర్శనమైన పిమ్మట ఒక పక్కగా కూర్చుని ఉండగా, ఒక అమ్మాయి అన్నమయ్య కీర్తన ఒకటి మెల్లగా పాడుకొంటున్నది. గొంతు మధురంగా ఉన్నది.

"చక్కగా పాడావమ్మా! ఈ వరుస ఎవరిది?" అని అడిగాను.

"అన్నమయ్యదే కదా తాతగారూ!" అన్నది.

ఆ బిడ్డ తప్పేమీ లేదు. ఆమెకు చెప్పినవారు లేరు. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కారణం అదే.

అన్నమాచార్యులవారు (1408–1503) రచించిన సంకీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకులపై శతాబ్దాల తరబడి నిలిచి ఉండేవి. ఒక్కొక్క పాటపై రాగం పేరు ఉన్నది, స్వరలిపి లేదు. ఆ రాగనామం కూడా నేటి రాగానికి హామీ కాదు. 1550లో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'లో చెప్పిన ముఖారి శుద్ధస్వరాల మేళం. నేడు మనం వినే ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు ఒకటే, స్వరూపం వేరు. కనుక రేకు మనకు సాహిత్యాన్ని ఇచ్చింది, నాదాన్ని ఇవ్వలేదు.

ఆ సాహిత్యాన్ని పరిష్కరించడానికి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) తిరుపతిలో తమ చివరి సంవత్సరాలను ధారపోశారు. వారి తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ పని కొనసాగిస్తూ, నూరుకు పైగా పాటలకు తామే స్వరరచన చేశారు. నేదునూరి కృష్ణమూర్తిగారు, 2025లో పరమపదించిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఆ బాటలోనే నడిచారు. మన చెవులలో నిలిచిన వరుసలు ఇటువంటి మహనీయులవి.

గ్రీకు క్రైస్తవ దేవాలయ గీతాల విషయంలో ఐరోపా పండితులు ఏమి చేశారో చూడండి. ఆ ప్రాచీన ప్రతులలో అక్షరాలపై స్వరచిహ్నాలున్నాయి. కాని వాటిని చదవగలవారు కరవయ్యారు. 1931లో ఎగోన్ వెలెస్, టిల్యార్డ్, కార్‌స్టెన్ హేగ్ కోపెన్‌హేగన్‌లో సమావేశమై ఆ ప్రతుల ప్రచురణకు పూనుకొన్నారు. తరువాత మిలోష్ వెలిమిరోవిచ్ స్లావ్ భాషల తొలి గీతప్రతులను గ్రీకు ప్రతులతో పోల్చి పరిశోధించి, 1960లో గ్రంథం ప్రకటించారు. ఈ శాస్త్రానికి ప్రాణం ఒక్కటే: ప్రతిలో ఉన్నదేది, పండితుడు ఊహించినదేది అన్న భేదాన్ని చెరిపివేయకపోవడం.

మనం చెరిపివేస్తున్నది సరిగ్గా దానినే.

కొత్త వరుసలు కట్టవద్దని నా అభిమతం కాదు. 1997లో వచ్చిన 'అన్నమయ్య' చిత్రం ఆ మహాకవిని ఇంటింటికీ చేర్చింది. సంగీతం కీరవాణిగారిది, దర్శకత్వం రాఘవేంద్రరావుగారిది. ఆ చిత్రానికి గీతరచన చేసినవారిలో వేటూరి సుందరరామమూర్తిగారు ప్రభాకరశాస్త్రిగారి కుటుంబంవారే. ఫిలింనగర్‌లో 'వేటూరి' అనగానే చిత్రగీతం గుర్తుకు వస్తుంది. రాగిరేకు ఎందరికి గుర్తుకు వస్తుంది? చిత్రంలో సంగీతకర్త పేరు వేస్తూనే ఉన్నారు. మరచిపోయినది శ్రోతలమైన మనమే.

నా మనవి చిన్నది. అన్నమయ్య పాటను ఎవరు పాడినా, ముద్రించినా, రికార్డు చేసినా మూడు ముక్కలు జతపరచండి: సాహిత్యం అన్నమయ్యది, రేకుపై ఉన్న రాగం ఇది, వరుస కట్టినది ఫలానావారు. దీనికి ఖర్చు లేదు, శ్రమ లేదు. అలా చెప్పకపోతే, మరో యాభై ఏండ్లకు రాళ్లపల్లివారి శ్రమ అజ్ఞాతమవుతుంది. పోయిన నాదం కోసం వెదకాలన్న తలంపు కూడా ఎవరికీ పుట్టదు. దొరికిందనుకొన్న దానిని ఎవరు వెదకుతారు?

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. "అయితే నేను పాడినది ఎవరి వరుసో కనుక్కొంటాను తాతగారూ" అన్నది. నాకు ఆ రోజు అదే ప్రసాదం.