ఎదుటివాడి దీపం

కారు పెట్టుకోవలసిన షెడ్డులో విమానం కట్టుకునేవాళ్ళు అమెరికాలో వేలమంది ఉన్నారు. ఇదంతా కోటీశ్వరుల సరదా అనుకోకండి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పెన్షను పుచ్చుకునేవాళ్ళు, సెలవురోజుల్లో రేకులు కోసుకుంటూ, మేకులు బిగించుకుంటూ ఏళ్ళతరబడి కట్టుకుంటారు. 1953లో మిల్వాకీ నగరంలో వీరికొక సంఘం కూడా ఏర్పడింది. పనిలో సగానికి మించి సొంత శ్రమ ఉండాలన్నది అక్కడి ప్రభుత్వ నిబంధన. ఆపైన ఏ ఇంజను పెట్టాలి, ఏ రంగు వెయ్యాలి అన్నవి చాలావరకు వాళ్ళ ఇష్టం.

దీపాల దగ్గర మాత్రం ఆ స్వేచ్ఛ సాగదు. నాకు ఆసక్తి కలిగించింది ఇదే.

పగలు మాత్రమే ఎగిరే సొంత విమానానికి ఒక్క దీపం లేకపోయినా చట్టం ఏమీ అనదు. కాని పొద్దుగూకేలోగా దిగి తీరాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు మన పెద్దలు. దీపం లేనివాడు పొద్దుండగానే ఇల్లు చేరాలన్నమాట!

రాత్రి ఎగరాలంటే మూడు దీపాలు తప్పనిసరి. ఎడమ రెక్క కొసన ఎరుపు, కుడి రెక్క కొసన ఆకుపచ్చ, తోకన తెలుపు. ఓడల నుంచి వచ్చిన ఆచారం ఇది. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు ముక్కు నుంచి చెరొక పక్కకు 110 డిగ్రీల మేర కనిపించాలి. తెలుపు వెనుకవైపు 140 డిగ్రీలు. మూడూ కలిస్తే చుట్టూ 360. ఎటునుంచి చూసినా ఏదో ఒకటి కనిపించి తీరుతుంది.

ఈ రంగులకొక భాష ఉంది. దూరాన ఎరుపు ఒక్కటే కనిపిస్తే ఆ విమానం మీ ఎడమకు పోతున్నది. ఆకుపచ్చ అయితే కుడికి. తెలుపు అయితే మీకు దూరంగా పోతున్నది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒక్కసారే కనిపించాయా, తిన్నగా మీ మీదికే వస్తున్నది! చీకట్లో ఎదురయ్యే ఇద్దరు పైలట్లు ప్రాణాలు నిలుపుకునేది ఈ నాలుగు మాటల భాషతోనే.

వీటికి తోడు నిమిషానికి 40 నుంచి 100 సార్లు మెరిసే దీపం ఒకటి ఉండాలి. ఎరుపైనా సరే, తెలుపైనా సరే. ఇప్పటి ప్రమాణం ప్రకారం దాని వెలుగు 400 క్యాండెలాలు, అంటే సుమారు 400 కొవ్వొత్తులంత ఉండాలి. మామూలు ఇళ్ళలోలాగే ఇక్కడా ఫ్యూజులు పోతుంటాయి కనుక, అదనపు ఫ్యూజులు పైలటు చేతికందేచోట పెట్టుకోవాలి.

మరి నేలను చూపించే పెద్ద దీపం మాటేమిటి? కిరాయికి తిప్పే విమానానికే అది తప్పనిసరి. సొంతంగా కట్టుకున్నవాడు పెట్టుకుంటే మంచిదే, చట్టం బలవంతపెట్టదు. చూశారా తమాషా! తన కళ్ళకు పనికివచ్చే దీపాన్ని వాడికే వదిలేశారు. ఎదుటివాడి కళ్ళకు పనికివచ్చేదాన్ని మాత్రం వదలలేదు.

చిక్కల్లా కరెంటుతో. ఇలాంటి విమానాల్లో విరివిగా వాడే రోటాక్స్ 912 ఇంజను జనరేటరు ఇచ్చేది 250 వాట్లు. పాతరకం తీగ బల్బులు ఒక్కొక్కటి పాతిక వాట్లు తాగుతాయి. మూడింటికి 75, నేలదీపానికి మరో 100. ఇక రేడియోకు, మిగతా పరికరాలకు మిగిలేదెంత? జినాన్ వాయువుతో మెరిసే గొట్టపు దీపాలు కళ్ళు చెదిరేలా వెలుగుతాయి గాని, వాటికి ఎక్కువ వోల్టేజి పెట్టె కావాలి. అది ఒక్కొక్కప్పుడు రేడియోలో గీపెడుతుంది. ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. ధర హెచ్చు, కరెంటు తక్కువ, మన్నిక ఎక్కువ.

ఆ ధర చూసి, కారు సామాను దుకాణంలో రంగు బల్బులు కొని బిగిద్దామా అనిపించడం సహజం. వెలగడం అవీ వెలుగుతాయి. కాని ఆ రంగు కచ్చితంగా ఆ ఎరుపేనా? 110 డిగ్రీల దాకా కనిపిస్తుందా? కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి ఈ లోపం ఎన్నటికీ తెలియదు. తెలిసేది ఎదురుగా వచ్చేవాడికి, అదీ ఆఖరి క్షణంలో.

అందుకే, మిగతా విమానమంతా మన ఇష్టం వచ్చినట్టు కట్టుకున్నా, దీపం ఎదుటివాడి సొత్తు అనుకోవాలంటాను నేను. దాన్లో మిగిల్చే డబ్బు మనది కాదు.